తల ఎటు, కాళ్లు ఎటు

ఫిబ్రవరి 3, మంగళవారం

అయినా కార్బురేటర్‌కి సిగ్గుండాలి. పొద్దున ఊదితే పలికింది, మధ్యాహ్నానికి మళ్లీ అలిగింది. పాత పెట్రోలు లోపల ఎండిపోయి బెల్లం పాకంలా పట్టుకుంది. పళ్లు తోముకునే బ్రష్షుతో గీకాను. నా బ్రష్షే. రేపటి నుంచి వేప పుల్ల.

ఏళ్ల తరబడి రేకుల కింద నిలబెట్టిన మారుతిని ఇప్పుడు లేవమంటే అది మాత్రం ఎలా లేస్తుంది? కోళ్లు వెనక సీటు మీద కాపురం పెట్టాయి. డ్రైవర్ సీటు కింద ఎలుక ఒకటి పిల్లల్ని కని, పెంచి, పంపించేసినట్టుంది. సేటు వెంకటరాజం పసుపు దుకాణంలో నేను డ్రైవర్‌గా ఉన్నప్పుడు నడిపిన బండే ఇది. ఆయన పెద్ద కారు కొన్నాక దీన్ని నాకు ఇచ్చేశాడు. "ముత్తెన్నా, ఇది నీ మాట తప్ప ఎవ్వల మాట ఇనది, తోల్కపో" అన్నాడు. ఇంట్లో ఎవరూ వినని మాట ఇదొక్కటి ఎందుకు వింటుందో ఆయన ఆలోచించలేదు.

కిటికీలోంచి గంగామణి కేకేసింది. "ఏమయ్యా, గా దగ్గు బండిదా, నీదా?"

"బండిది. నాది ఇంకా ఇంత ముదరలేదు."

నవ్వింది. నవ్వితే నడుము నొప్పి. కాబట్టి నవ్వించకూడదు. పెళ్లయినప్పటి నుంచి నాకు వచ్చిన పని అదొక్కటే, ఇప్పుడు అదే చెయ్యకూడదు.

రోగం వెన్నులోకి దిగిందని నిజామాబాద్ దవాఖానలో చెప్పినప్పటి నుంచి ఆమె కూర్చోలేదు. పడుకుంటే ఫరవాలేదు. పోయినసారి ఆటోలో తీసుకుపోతే పెర్కిట్ దాటకముందే నా ముంజేయి కొరికింది. పళ్ల గాట్లు ఇంకా ఉన్నాయి. ఎవరైనా అడిగితే కుక్క అని చెబుతున్నాను, ఆమెకు వినబడేట్టు.

ఇప్పుడు సిరికొండ పోవాలట. తల్లిగారింటికి. తమ్ముడి చేతుల మీదుగా ఒడిలో పసుపు బియ్యం, ఒడిబియ్యం, పోయించుకోవాలట. ఆటో వద్దట, బస్సు ఎట్లాగూ కాదు. "మన బండి చెయ్యి. పండుకొని పోత" అంది.

చెయ్యి అంటే అయిపోతుందా?

ఫిబ్రవరి 4

కార్బురేటర్ లొంగింది. బ్యాటరీ లొంగలేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

బావమరిది నర్సింలు వచ్చాడు. వస్తూ సిరికొండ నుంచి సొరకాయ తెచ్చాడు, ఆర్మూర్‌లో సొరకాయలు దొరకనట్టు. అక్క మంచం పక్కన కింద కూర్చున్నాడు. చాలాసేపు సొరకాయ గురించే మాట్లాడి, చివరికి అసలు మాటకు వచ్చాడు.

"అక్కా, నువ్వెందుకు గంత దూరం. నేను, నీ మరదలు చీర పట్టుకొని గీడికే వస్తం. గీ మంచం మీదనే ఒడి నింపుతం."

"మీరొచ్చి పోస్తె గది ఒడిబియ్యమెట్లయితదిరా? రేషన్ బియ్యమైతది" అంది గంగామణి. "ఆడిపిల్ల పుట్టిన గడప కాడికి పోయి పట్టుకోవాలె. నువ్వు పోసి అయిదేండ్లాయె. మూడో ఏడు పొయ్యాల్సింది, నా రోగం సంగతే సరిపాయె."

"అయితె అంబులెన్సు మాట్లాడుత. పండుకోనే రావొచ్చు."

"అంబులెన్సుల పోతె ఊరు ఊరంత వాకిట్లకొచ్చి ఏడ్వనీకి నిలబడ్తది. నేను దవాఖానకు పోత లేను, తల్లిగారింటికి పోతున్న. బావ బండి చేస్తుండు. గందుల్నే వస్త."

"హోలీ పున్నానికి గ్రహణం ఉన్నదక్కా. దానికంటె ముందుగాల్నే పొయ్యాలన్నడు అయ్యగారు. మార్చి ఒకటో తారీకు ఆదివారం మంచిగున్నదట."

"అయితె అప్పటిదాక మీ బావకు టైమిచ్చినట్టే."

ఇద్దరూ నావైపు చూశారు. నేను చేతిలో ఉన్న నట్టు వైపు చూశాను. బాగా తుప్పు పట్టింది.

వెళ్తూ వెళ్తూ వాకిట్లో నర్సింలు గొంతు తగ్గించి అడిగాడు. "బావా, నిజం చెప్పు. డాక్టర్ ఏమన్నడు?"

క్లచ్ ప్లేటు మార్చాలని మెకానిక్ అన్నాడని చెప్పాను. వాడు అడిగింది అది కాదు. కానీ క్లచ్ ప్లేటు సంగతి కూడా నిజమే.

ఫిబ్రవరి 8, ఆదివారం

మెకానిక్ మల్లేష్ పెర్కిట్‌లో తన షెడ్డు మూసేసి వచ్చాడు. ఆదివారం కదా అన్నాడు. వాడు ఆదివారం షెడ్డు మూయడం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరం కలిసి గేర్‌బాక్సు దించి క్లచ్ ప్లేటు మార్చాం. దించేటప్పుడు నా వేలు నలిగింది, ఎక్కించేటప్పుడు వాడిది. లెక్క సరిపోయింది.

తాళం తిప్పితే మొదట ఏడ్చింది, తర్వాత తుమ్మింది, తర్వాత లేచింది. గుర్రుమని ఒకే చప్పుడు, తెగకుండా. సేటుని బాసర తీసుకుపోయిన రోజుల చప్పుడు.

కిటికీ రెక్క తెరిచే ఉంది. "లేసిందా?" అంది గంగామణి.

"లేసింది."

"జర సేపు ఉండనీ. బంద్ చెయ్యకు."

ఉండనిచ్చాం. మల్లేష్ చేతులు తుడుచుకుంటూ, "అయిపాయె అన్నా. లోపల జాగ చేస్కుంటె రేపే పోవచ్చు" అన్నాడు.

నాకెందుకో బ్రేకుల మీద అనుమానం వచ్చింది.

ఫిబ్రవరి 9

బ్రేకులు ఇప్పాను. బాగానే ఉన్నాయి. ఇప్పి చూసుకోవడం మంచిదే కదా.

ఫిబ్రవరి 11, బుధవారం

ముందు ఎడమ సీటు తీసేశాను. వెనక సీటు కూడా. కోళ్లు వాకిట్లో నిలబడి నన్ను అదోలా చూశాయి. నేల మీద తుప్పు తిన్న చోట్లు చాలా బయటపడ్డాయి. ఒక బొక్కలోంచి గడ్డి కనిపిస్తోంది. రేకు ముక్కలు కోసి, వేడి చేసి, అతికించి, పైన తారు పూశాను. ఇంటి పెచ్చులు ఊడినప్పుడు ఇంత శ్రద్ధ ఎప్పుడన్నా పెట్టినవా అని లోపల్నుంచి ప్రశ్న వచ్చింది. ఇంకో రేకు ముక్క అతికించాను.

తర్వాత మంచం. పెళ్లికి వాళ్లు పెట్టిన నవారు మంచం, అటక మీద ఉంది. దించి రంపం పెట్టాను.

"ఏం కోస్తున్నవ్?"

"మంచం."

"ఏ మంచం?"

"మీ నాయిన పెట్టిన మంచం."

రంపం రెండుసార్లు ఆడింది. తర్వాత, "గీత గీసుకొని కొయ్యి. నీ చెయ్యి వంకర పోతది" అంది.

కోళ్లు పొట్టి చేశాను. మంచం కోళ్లు, పెట్టలు కాదు. పట్టెలు బండి వెడల్పుకు కోసి, నవారు మళ్లీ బిగించి అల్లాను. కింద పాత ట్యూబు ముక్కలు మడతలు పెట్టి కట్టాను, గుంతలో పడితే దెబ్బ మంచానికి ఎక్కకుండా. లోపల పెట్టి చూస్తే తల వెనక తలుపు దగ్గర, కాళ్లు ముందు డాష్‌బోర్డు కింద. ఆ కింద ఉన్న ఖాళీ కాళ్ల కోసమే వదిలినట్టుంది. గంగామణి ఇప్పుడు బాగా చిన్నదైపోయింది కాబట్టి సరిపోతుంది.

ఈ చివరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఫిబ్రవరి 13, శుక్రవారం

ఆమెను ఎక్కించే ముందు నేను పడుకొని చూడాలి కదా. పొద్దున్నే చలి, దుప్పటి కప్పుకొని మంచం మీద పడుకున్నాను. మల్లేష్ నడిపాడు. అంకాపూర్ దాకా పోయి రావాలని ఒప్పందం.

మెల్లగా పోనీమన్నాను. అదే తప్పయింది. మరీ మెల్లగా పోనిచ్చాడు. పెర్కిట్ దగ్గర ఎవరో పెద్దమనిషి సైకిల్ దిగి, నెత్తిన తువ్వాల తీసి, బండికి దండం పెట్టాడు. నాకు జాలేసింది. మర్యాదస్తుడు. నేను కూడా దుప్పట్లోంచి రెండు చేతులు తీసి దండం పెట్టాను.

సైకిల్ అక్కడే పడేశాడు. మనిషి మాత్రం రోడ్డుకి అవతల ఉన్నాడు.

మల్లేష్ నవ్వు ఆపుకోలేక బండి పక్కకు ఆపాడు. "అన్నా, గా మనిషి ఇగ జిందగీల ఎవ్వలకు దండం పెట్టడు" అన్నాడు.

మిగతా దారంతా నేను మీదికి చూస్తూ పోయాను. ముందు అద్దంలోంచి కరెంటు తీగలు, తాటి తలలు, ఆకాశం, అన్నీ ఎదురొచ్చి మీదుగా వెళ్లిపోతాయి. ఇన్నేళ్లు ఆ రోడ్డు మీద నడిపాను, దానికి ఆకాశం ఉందని తెలియదు. నడుముకు ఒక్క దెబ్బ తగల్లేదు.

ఇంటికొచ్చి దండం సంగతి గంగామణికి చెప్పాను. నవ్వింది, నవ్వీ నవ్వీ ముఖం తెల్లబడింది. మాత్ర వెయ్యాల్సి వచ్చింది. చెప్పకుండా ఉండాల్సింది. కానీ అలాంటిది ఆమెకు చెప్పకుండా ఎవరికి చెప్పను?

ఫిబ్రవరి 14, శనివారం

పక్కింటి శాంతవ్వ రోజూ వచ్చి గంగామణికి ఒళ్లు తుడిచి తల దువ్వి పోతుంది. ఇవాళ పోతూ పోతూ బండి దగ్గర ఆగింది. లోపలికి తొంగి చూసి, మంచం చూసి, దిండు ఎటు ఉందో చూసింది.

"ఇదేంది ముత్తెన్నా. కాళ్లు ముందుకా?"

"అవునమ్మా. కాళ్లకు గక్కడ్నే జాగ ఉన్నది."

"జాగ ఉంటె? పానమున్న మనిషిని కాళ్లు ముందుకు పెట్టి ఇల్లు కదిలిస్తరా ఎవలన్న? గట్ల ఒక్కపారే తీస్కపోతరు."

అని, అన్నందుకు తనే నోరు మూసుకుంది. చెంగు సర్దుకుంటూ గబగబా వెళ్లిపోయింది.

సైకిల్ మనిషి ఎందుకు దండం పెట్టాడో నిన్న నాకు తెలుసనే అనుకున్నాను. దుప్పటి వల్లే అని.

మంచం బయటికి లాగేశాను.

ఫిబ్రవరి 15, శివరాత్రి

ఉపవాసం. నాకు, బండికి.

ఫిబ్రవరి 16

తల ముందుకు పెడితే డాష్‌బోర్డు అడ్డం. కాళ్లు దూరే చోట తల దూరదు కదా. డాష్‌బోర్డులో ఎడమ పక్క సామాను పెట్టుకునే డబ్బా ఊడదీస్తే దిండుకు చోటు వస్తుంది. ఊడదీశాను. దాని వెనక ఇన్ని వైర్లు ఉంటాయని ఎవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 17

లైటు వేస్తే వైపర్ తిరుగుతోంది. హారన్ కొడితే ఏమీ లేదు. బ్రేకు తొక్కితే హారన్ మోగుతోంది. ఒక లెక్కన మంచిదే, ఆగుతున్నానని అందరికీ తెలుస్తుంది.

ఫిబ్రవరి 18, బుధవారం

బిడ్డ సుస్మిత నిజామాబాద్‌లో ఉంటుంది, అంగన్‌వాడీలో టీచర్. ఇవాళ సెలవు పెట్టి, తల్లి కాగితాలు పట్టుకొని ఒక్కతే దవాఖానకు పోయి, అటునుంచి ఇటు వచ్చింది. రాగానే తల్లి దగ్గరికి పోలేదు. బండి దగ్గరికి వచ్చింది. నేను కింద ఉన్నాను, నా కాళ్లు మాత్రమే కనిపించి ఉంటాయి.

"నాయినా."

"చెప్పు బిడ్డా. గా పానా అందియ్యి."

అందించింది. "డాక్టర్ ఇగ మందులు మార్చుడు లేదన్నడు. నొప్పి మాత్రలు ఎక్కువ రాసిండు. ఇంట్లనే మంచిగ చూస్కోమన్నడు."

"మందులు మార్చుడు లేదంటె ఉన్నవే పనిచేస్తున్నయన్నట్టు."

ఆమె చెప్పులు చాలాసేపు బండి పక్కనే ఉన్నాయి. తర్వాత లోపలికి పోయాయి. బాత్రూములో నల్లా తిప్పిన చప్పుడు వినిపించింది, ఎంతకీ ఆగలేదు. ట్యాంకు ఖాళీ అయి ఉంటుంది. మోటారు వెయ్యాలి.

దవాఖానలో డాక్టర్ కొత్తగా ఏమీ చెప్పలేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

వైర్ల గొడవ మల్లేష్ వచ్చి సరిచేశాడు. తల ముందుకు పెట్టి మంచం బిగించాం. ఇరుకుగా ఉంది, దిండు గేరుకు తగులుతోంది, అయినా ఉంది. వాడు తాళం తిప్పాడు. మొదటి దెబ్బకే లేచింది.

"మొత్తం అయిపాయె అన్నా."

"చప్పుడు తేడాగ లేదా?"

వాడు బానెట్ ఎత్తి, చెవి పెట్టి, కళ్లు మూసుకొని విన్నాడు. "లేదు."

"ఉన్నది. నీకు ఇనిపిస్తలేదు. కార్బురేటర్ల ఏదో ఉన్నది. ఇప్పి చూడాలె."

"మొన్ననే కద ఇప్పి బ్రష్షు పెట్టి కడిగినవ్."

"మల్ల చూడాలె."

మల్లేష్ చేతులు తుడుచుకున్నాడు. చాలా శుభ్రంగా తుడుచుకున్నాడు, వేలు తర్వాత వేలు. "అన్నా, బండికి ఏం కాలే. నీకేమైంది?"

"నాకేమైతది. సర్వీసింగ్ డేటు దాటింది."

వాడు నవ్వలేదు. నా మాటకు మల్లేష్ నవ్వకపోవడం ఇదే మొదలు. పానాల డబ్బా అక్కడే పెట్టేసి, "కావాలంటె వాడుకో అన్నా. నేనైతె దీన్ని ఇగ ఇప్ప" అని తన మోటార్ సైకిలెక్కి పోయాడు.

ఇప్పాను. భాగాలన్నీ పేపరు మీద వరసగా పెట్టాను. చిన్న చిన్నవి. ఒక్కటి పోయినా బండి కదలదు.

ఫిబ్రవరి 21

బండి ఇంకా కాలేదు.

ఫిబ్రవరి 22

బండి ఇంకా కాలేదు. గంగామణి ఇవాళ గంజి వద్దంది. రుచి లేక అయి ఉంటుంది. రేపు కొంచెం నిమ్మకాయ పిండి చూడాలి.

ఫిబ్రవరి 23, సోమవారం

"బండి నడవకపోతె నడవకపాయె. నిలబడ్డ బండిలనన్న పండుకొని చూస్త. నన్ను ఎక్కియ్యి" అంది పొద్దున్నే.

మళ్లీ సెలవు పెట్టి వచ్చిన సుస్మిత, శాంతవ్వ, నేను దుప్పటి నాలుగు చెంగులూ పట్టుకొని తీసుకొచ్చాం. వెనక తలుపులోంచి లోపలికి జరిపాం. తల ముందు, కాళ్లు వెనక. గంగామణి పెదవి కొరుక్కుంది. కాసేపటికి ఊపిరి సర్దుకుంది. దిండు సరిచేశాను.

"ఎట్లున్నది?"

"నవారు మంచిగ గుంజినవ్."

"ఏం కనిపిస్తంది?"

వెనక అద్దంలోంచి చూసింది. "మన ఇల్లు. శాంతవ్వ. దండెం మీద నీ చినిగిన బనీను." మళ్లీ చూసింది. "ఇల్లు ఇడ్సిపెట్టుడు కనిపిస్తది. సిరికొండ వచ్చుడు కనిపియ్యది. నన్ను గిట్ల తిప్పి ఎందుకు పెట్టినవ్?"

నేను ఏదో చెప్పబోయాను. డాష్‌బోర్డు అన్నాను, గాలి తగులుతుందన్నాను. శాంతవ్వ మధ్యలో అందుకుంది.

"నేనే అన్ననే గంగామణి. కాళ్లు ముందుకు మంచిది కాదని. నా నోరు పడిపోను."

"నీ నోరెందుకు పడాలె శాంతవ్వా. తల్లిగారింటికి ఈపు తిప్పి పోతరా ఎవలన్న? అలిగిపోయినోళ్లు గుడ ముఖం పెట్టే పోతరు." కొంచెం ఆగింది, నొప్పి దాటనిచ్చి. "మంచిది కానిదంత ఎప్పుడో అయ్యే పాయె. ఇగ దేనికి భయపడుడు. నేను చూస్కుంట పోత. కాళ్లు ముందుకు పెట్టు."

తర్వాత వాళ్లిద్దర్నీ చాయ్ పెట్టమని లోపలికి పంపింది. ఇద్దరు కలిసి పెట్టేంత చాయ్ ఏముంటుందని ఎవరూ అడగలేదు.

"జర గిటు రా."

డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. ఆమె తల నా మోకాలి పక్కన ఉంది. బండిలో నా పక్కన ఎప్పుడూ కూర్చునేది. తల ఇంత దగ్గరగా ఉండేది కాదు.

"మొన్న బండి గుర్రుమన్నది. నేను ఇన్న. గంతకు ముందుగాల ఆదివారం గుడ గుర్రుమన్నది. మల్ల ఎందుకు ఇప్పినవ్?"

"కార్బురేటర్..."

"నాకు కార్బురేటర్ పేరు చెప్పకు. నువ్వు అబద్ధమాడితె చెవి గోక్కుంటవ్. గిప్పుడు అదే చేస్తున్నవ్."

చెయ్యి కిందికి దించాను.

"బండి కాకపోతె నేను ఆగుతననుకున్నవా?"

ఏదో ఒక మాట అనాలి. తేలికైన మాట. నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి, అడక్కుండానే వస్తాయి. వెతికాను. స్టీరింగ్ మీద, పగిలిన మీటరు మీద, ఆమె పాపిట్లో వెతికాను. ఒక్కటి దొరకలేదు.

"ఆగుతవా?" అని అడిగాను.

"ఆగ" అంది. తర్వాత నా మోకాలికి తల ఆనించింది. "ఒడి నింపుకొని రానియ్యి."

చాయ్ వచ్చింది. చల్లారిపోయి ఉంది. తాగాం.

ఫిబ్రవరి 24

కార్బురేటర్ బిగించాను. దానికేమీ కాలేదు.

ఫిబ్రవరి 25, బుధవారం

మంచం మళ్లీ తిప్పాను. కాళ్లు ముందుకు. రెండో పక్క పట్టడానికి ఎవరూ లేరు, శాంతవ్వే వచ్చి పట్టింది. అయ్యాక బండి ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. కట్టి, ఇందులో తన బాధ్యత ఏమీ లేదన్నట్టు సిద్ధుల గుట్ట గుడి వైపు ఒక దండం పెట్టింది.

తల కింద ఎత్తు పెంచాలి, ముందు అద్దంలోంచి రోడ్డు కనిపించాలంటే. పసుపు సంచుల్లో పాత బట్టలు కూరి మెత్తలు కుట్టాను. కుట్టు వంకర పోయింది. గీత గీసుకోలేదు.

మల్లేష్ వచ్చాడు. బండి చప్పుడు విన్నాడు. నేను కూడా విన్నాను. పానాల డబ్బా తీసుకొని, పోయేముందు నా భుజం మీద చెయ్యి వేశాడు. గ్రీజు మరక పడింది. మంచి చొక్కా.

ఫిబ్రవరి 27

పగలంతా నొప్పి. ఏమీ రాయను.

ఫిబ్రవరి 28, శనివారం

నర్సింలు ఫోన్ చేశాడు. "బావా, అక్క రాగలుగుతదా?"

"బండి తయారుగ ఉన్నది" అన్నాను.

వాడు అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. ఈసారి వాడికి అర్థమైంది.

మార్చి 1, ఆదివారం, సిరికొండ

బానెట్ మీద పెట్టుకొని రాస్తున్నాను. ఇంకా వేడిగానే ఉంది.

వచ్చాం. భీమ్‌గల్ మీదుగా, రెండో గేరు దాటకుండా. వెనక వచ్చే బండ్లన్నీ హారన్లు కొట్టి, తిట్టడానికి పక్కకు వచ్చి, లోపల చూసి, తిట్టకుండా పోయాయి. సుస్మిత వెనక మూల ముడుచుకొని కూర్చొని తల్లి తల పట్టుకుంది. గంగామణి పాదాలు నా ఎడమ చెయ్యి పక్కన, గేరు దగ్గర. సుస్మిత నిన్ననే పారాణి పెట్టింది. గేరు మార్చినప్పుడల్లా నా చెయ్యి ఆ మట్టెలకు తగిలేది. తగిలినప్పుడల్లా "నొచ్చిందా?" అని అడిగాను. "బండి నడుపు" అంది ప్రతిసారీ.

దారి పొడుగూతా పసుపు ఉడకబెడుతున్నారు. ఉడికిన కొమ్ములు కల్లాల నిండా ఆరబోసి ఉన్నాయి. ఆవిరి రోడ్డు మీదికి వచ్చి బండిలోకి దూరింది. ఆమె కళ్లు మూసుకుంది, నిద్రపోతోందనుకున్నాను. "ఎవలదో సరిగ్గ ఉడకలే. పచ్చి వాసనొస్తంది" అంది కళ్లు తెరవకుండానే.

ఊరు వచ్చే ముందు నాకు ఇంకా ఏమీ కనబడలేదు, మలుపు ఉంది. ఆమె అంది, "అగో. నీళ్ల ట్యాంకు. చెట్ల మీదికెల్లి కనిపిస్తంది. వచ్చినం." నాకంటే ముందు ఆమే చూసింది. తనలో తనే ఊరి పేరు మళ్లీ మళ్లీ చెప్పుకుంది, చిన్నపిల్ల అక్షరాలు కూడబలుక్కున్నట్టు.

ఇంటి ముందు దింపుదామన్నారు. దుప్పటి పట్టగానే ఆమె ముఖం చూసి నర్సింలు వదిలేశాడు. "ఒద్దక్కా, బండిలనే ఉండు. గడప కాడికొచ్చినవ్, గంతే చాలు." బండిని తిప్పి వెనక్కు తీసి, వెనక తలుపు సరిగ్గా గడపకు ఎదురుగా వచ్చేట్టు నిలబెట్టాను. ఎంత జాగ్రత్తగా పెట్టానంటే, సేటు చూసి ఉంటే జీతం పెంచేవాడు.

కొత్త చీర కట్టడానికి వీలు కాలేదు, మీద కప్పారు. నర్సింలు, వాడి పెళ్లాం ఇద్దరూ దోసిళ్లతో బియ్యం తెచ్చారు. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం, పచ్చగా మెరుస్తోంది. ఎండు కొబ్బరి కుడుకలు, జాకెట్టు ముక్క, తమలపాకులు. పడుకున్న మనిషికి ఒడి ఎక్కడ ఉంటుంది? సుస్మిత చెంగు పట్టి ఒడిలా చేసి తల్లి పొట్ట మీద పరిచింది. అందులో పోశారు. బరువు పడకుండా కొంచెం కొంచెంగా పోశారు. గింజలు కొన్ని జారి నవారు సందుల్లోంచి కిందికి, నేను అతికించిన రేకుల మీద పడుతుంటే చిన్న చప్పుడు.

పోయడం అయ్యాక మరదలు అలవాటు కొద్దీ అనేసింది, "వదినా, మల్ల మూడో ఏటికి రావాలె."

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. గంగామణే అందుకుంది. "వస్త. బండి ఉంటె వస్త."

అందరూ బండి వైపు చూశారు. నేను కూడా చూశాను. అప్పుడే నాకు టైరులో గాలి చూడాలని గుర్తొచ్చి ఇటు ముందుకు వచ్చాను. ఇక్కడి నుంచి ఆమె పాదాలు మాత్రమే కనిపిస్తాయి, అద్దంలోంచి, డాష్‌బోర్డు అవతల.

ఇప్పుడు తిరిగి పోసే పని మిగిలింది. ఆడబిడ్డ తన ఒడిలోంచి కొన్ని బియ్యం తీసి పుట్టింటి చాటలో తిరిగి పోయాలి, తను తీసుకుపోయినా ఈ ఇల్లు ఖాళీ కాకుండా. చాట పట్టుకొని నర్సింలు నిలబడ్డాడు. ఎవరూ కదలడం లేదు. సుస్మిత ఏదో అంటోంది. మళ్లీ ఎవరూ కదలడం లేదు.

గంగామణి పిలుస్తోంది. "ఏమయ్యా, గా టైరును ఇడ్సిపెట్టి ఇటు రా. నా చెయ్యి లేస్తలేదు. జర నువ్వు పట్టుకో, పోద్దాం."

వస్తున్నానన్నాను. ముందు టైరులో గాలి కొంచెం తక్కువగా ఉన్నట్టుంది, పోయేటప్పుడు ఒకసారి... ఉండనీ, ముందు ఆమె చెయ్యి పట్టుకోవాలి.